మా ఊరి మ్యూజియంలో దసరా నుంచి కార్తీకం దాకా ఏం పెడదాం? పోయినసారి 11 మందే వచ్చారు

కొసస్థలి_కుర్రాడు
ఉద్యోగం అంబత్తూరులో, అమ్మమ్మగారి ఊరు తిరుత్తణి దగ్గర. మా పెదమామయ్య హెడ్మాస్టరుగా రిటైరయ్యాక పాతింటి ముందుగదులు రెండూ మ్యూజియం చేశాడు. మ్యూజియం అంటే మరీ ఊహించుకోకండి. గిద్ద నుంచి కుంచం దాకా కొలపాత్రలు, తాళపత్రాల కట్ట ఒకటి, ఊడదీసి గోడకి ఆనించిన గుంట మగ్గం, అణాలు, కానీలు, బడి గ్రూపు ఫోటోలు, పాత దస్తావేజులు, ఇంతే. ఆదివారాలు తెరుస్తాడు. ఎవరైనా వస్తే చూపిస్తాడు, రాకపోతే అక్కడే కూర్చుని పేపరు చదువుకుంటాడు.

పోయినేడాది దసరాకి "కార్యక్రమం" అని పెట్టాం. మైకు, ప్రొజెక్టరు, 80 కుర్చీలు, చెన్నై నుంచి ఒక పండితుడు. వచ్చింది 11 మంది. అందులో ఏడుగురు మా ఇంటివాళ్ళు, ఒకడు మైకుసెట్టు అబ్బాయి, ఇంకొకడు కుర్చీలు లెక్క చూసుకోడానికి వచ్చినవాడు. మిగిలిన ఇద్దరిలో ఒకాయన వాన పడుతుంటే ఆగాడు. పండితుడుగారు పల్లవుల శాసనాల మీద గంటా నలభై నిమిషాలు మాట్లాడారు, మధ్యలో కరెంటు పోయినా ఆపలేదు.

ఇంక మూసేసి గదులు అద్దెకిచ్చేద్దామంటున్నాడు మామయ్య. ఈ ఒక్క ఏడాది చూద్దామని నేను ఆపాను. చేతిలో 15 వేలున్నాయి. దసరా నుంచి కార్తీకం చివరిదాకా ఏం పెడితే జనం వస్తారో చెప్పండి. ఉపన్యాసం అన్న మాట మాత్రం ఎత్తకండి.

పెరంబూరు_పద్మ
ఇంత ఆలోచన దేనికి, బొమ్మల కొలువు పెట్టండి. తొమ్మిది రోజులు సాయంత్రం పూట తెరిస్తే ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, వెనక పిల్లలు, వాళ్ళని తీసుకెళ్ళడానికి మొగవాళ్ళు. ఇంటికో పాత బొమ్మ తెమ్మనండి, మీరు కొనాల్సింది శనగలు మాత్రమే.

బెజవాడ_బుల్లోడు
కొలువు సంక్రాంతికి కదా పెట్టేది?? మా ఇంట్లో భోగి నాడు పెట్టి కనుమ తర్వాత తీసేస్తారు.

పెరంబూరు_పద్మ
మీ ఊళ్ళో సంక్రాంతికే నాయనా, నేను కాదన్నానా. ఇక్కడ నవరాత్రులకే. వేళచ్చేరిలో పదేళ్ళ నుంచి ఉంటూ ఇంకా ఈ ప్రశ్న అడుగుతున్నావంటే నిన్ను ఎవరూ కొలువు పేరంటానికి పిలవలేదన్నమాట.

బెజవాడ_బుల్లోడు
పిలిచారు. సుండల్ తిన్నాను. కొలువు చూళ్ళేదు.

ఇడ్లీకారం
వాటిని గుగ్గిళ్ళు అంటారురా తెలుగోడా

మాంబళం_మూర్తి
పద్మగారు చెప్పింది బాగానే ఉంది, ఒక్క చిన్న మార్పు. ఇంట్లో పెట్టే కొలువే మ్యూజియంలో కూడా పెడితే ఇంట్లోనే చూసుకోవచ్చు కదా అంటారు. బొమ్మ పక్కన చిన్న అట్ట పెట్టండి. ఎవరింటిది, ఎవరు ఎవరికి ఇచ్చారు, ఏ ఊళ్ళో కొన్నారు, ఏ పెళ్ళిలో వచ్చింది. అప్పుడు ప్రతి బొమ్మకీ ఒక ఇంటి చరిత్ర ఉంటుంది, తమ ఇంటి పేరు అట్ట మీద చూసుకోడానికైనా పదిమంది వస్తారు.

మా అమ్మ దగ్గర మరపాచి జంట ఉండేది. ఎర్రచందనం బొమ్మలు, పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టారు. ఏటా వాటికి కొత్త చీర, పంచె కట్టేది, ఆ గుడ్డముక్కలు పాతవి కూడా పారెయ్యకుండా ఒక డబ్బాలో దాచేది. ఆ డబ్బా చూస్తే మా ఇంట్లో ఏ కాలంలో ఏ బట్ట కొన్నారో వరసగా తెలిసిపోతుంది. మొదట్లో అంతా నూలు, తర్వాత ఒక్కసారిగా నైలాను, ఆ తర్వాత మళ్ళీ పట్టు. అలాంటి డబ్బాలు మీ ఊళ్ళో కూడా ఉంటాయి, బొమ్మల కన్నా ముందు వాటిని అడగండి.

ఇంకో సంగతి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారు, చేత్తో పట్టుకుంటే బరువే తెలీదు. ఏటికొప్పాకది అంకుడు కర్ర, తిరగలి మీద లక్కరంగు పెడతారు. మరపాచి బరువు వేరు. మూడూ పిల్లల చేతికిచ్చి కళ్ళు మూసుకుని చెప్పమంటే అదే ఒక ఆట.

బెంగుళూరు_బావ
చెన్నపట్న బొమ్మలు మర్చిపోయారు మూర్తిగారూ! మా వాళ్ళు ఆలె మర అంటారు, అదీ మీ అంకుడే, ఒకటే చెట్టు. రెండు రాష్ట్రాల్లో రెండు పేర్లు. తిరగలి అన్నారు, బొమ్మలు తిప్పేదాన్ని తిరగలి అంటే మా అమ్మమ్మ పిండి విసరడానికి కూర్చుంటుంది. తరిమెన పట్టడం అనండి.

మాంబళం_మూర్తి
తరిమెనే. తప్పు నాదే బావగారూ, శనగలు అనగానే తిరగలి గుర్తొచ్చినట్టుంది.

ఎగ్మూరు_ఎలుక
నేను కొన్నాళ్ళు ఈ పనిలో ఉన్నాను, అందుకని కాస్త చేదుగా చెప్తాను. జనం దగ్గర వస్తువు తీసుకున్న రోజునే రసీదు రాయండి. రెండు కాపీలు, వస్తువు ఫోటో, ఎక్కడ పగులుంది, ఎక్కడ రంగు పోయింది, తిరిగి ఎప్పుడిస్తారు, ఇద్దరి సంతకాలు. నేను పనిచేసిన ఒక చోట రసీదు లేకుండా తీసుకున్న వెండి కుంకుమభరిణ కనబడకుండా పోయింది. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

రెండోది, తాళపత్రాల గదిలో దీపం వద్దు, హారతి వద్దు, పసుపు కుంకాలు అసలు వద్దు. సరస్వతీ పూజ నాడు ఎవరో ఒకరు భక్తిగా బొట్టు పెట్టేస్తారు, అది ఆకులోకి ఇంకిపోతుంది, మళ్ళీ రాదు. ఆకులకి నిమ్మగడ్డి నూనె పలచగా రాస్తే పురుగు రాదు, ఆకు కూడా మెత్తబడుతుంది, కానీ అదీ తెలిసినవాళ్ళ చేత చేయించండి. యూట్యూబ్ చూసి చెయ్యకండి.

మూడోది, పొలంలో దొరికిందని ఎవరైనా రాతి విగ్రహమో నాణేల ముంతో తెస్తే గుమ్మం దాటనివ్వద్దు. భూమిలో దొరికిన నిధికి 1878 నాటి చట్టం ఉంది, కలెక్టరుకి చెప్పాలి. నూరేళ్ళు దాటిన విగ్రహాలకి 1972 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది. మీ మామయ్య మంచివాడు కాబట్టే ముందు చెప్తున్నా, మంచివాళ్ళే వీటిలో ఇరుక్కుంటారు.

ఇడ్లీకారం
ఎలుకగారు చెప్పాక మ్యూజియం అంటే జైలు గుర్తొస్తోంది

కొసస్థలి_కుర్రాడు
ఎలుకగారూ, మా మామయ్య ఆ కట్టకి ఏటా సరస్వతీ పూజకి గంధం బొట్టు పెడతాడు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పై చెక్కకే పెడుతున్నాలే" అన్నాడు. నాకు నమ్మకం లేదు.

ఎగ్మూరు_ఎలుక
పై చెక్కకైతే పెట్టుకోనివ్వండి. అన్నీ వద్దంటే మనల్నే వద్దంటారు.

గుంటమగ్గం
ఆ ఊడదీసిన మగ్గం సంగతి ఏంటి? మాది నేత ఇల్లే, పొదటూరుపేట వైపు. మగ్గం గోడకి ఆనిస్తే అది కట్టెలమోపు. గుంట తవ్వి, బిగించి, పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించి, ఒక మనిషి కూర్చుంటేనే మగ్గం.

మీకు కాలం కూడా కలిసొస్తుంది. మా ఇళ్ళల్లో ఐప్పసి వానలు, అంటే తమిళనెల లెక్కన అక్టోబరు-నవంబరు వానలు, మొదలైతే గుంటల్లో నీళ్ళూరతాయి. చిన్నప్పుడు పొద్దున లేచి చెంబుతో ఆ నీళ్ళు తోడడం నా పని. ఎంత తోడినా మధ్యాహ్నానికి మళ్ళీ పాదాల దాకా వచ్చేవి. పడుగుకి గంజి పెట్టి వీధిలో చాచి ఆరబెట్టాలి కదా, ఎండ లేకపోతే అదీ కుదరదు. అంటే మీరు జనం రారని ఏడుస్తున్న నెలల్లోనే మా పెద్దవాళ్ళు ఖాళీగా కూర్చుంటారు. ఒక ముసలాయన్ని కూర్చోబెట్టి పోగులు అతికించండి చాలు. వేళ్ళకి కాస్త బూడిద రాసుకుని పాత పడుగు పోగుకి కొత్త పోగు మెలేసి ఒక్క తోపు తోస్తాడు, అతుకు ఎక్కడుందో మళ్ళీ మీకు కనబడదు. వేల పోగులు అలా అతకాలి. మా తాత మాట్లాడుతూనే అతికేవాడు, చెయ్యి చూసేవాడు కాదు. పిల్లలకి ఒకటి అతకమని ఇవ్వండి, పావుగంటకి కూడా రాదు. ఏ ఉపన్యాసం చెప్తుంది ఇది?

పెరంబూరు_పద్మ
ఆయుధపూజ నాడు పెట్టండి! మగ్గానికి పూజ, కొలువు, నేత అన్నీ ఒకే రోజు.

గుంటమగ్గం
పద్మక్కా, ఆయుధపూజ నాడు పనిముట్టు ముట్టుకోం కదా. పోగు నడిపే నాడె కూడా పూజలోనే ఉంటుంది. నెయ్యాలంటే మర్నాడు, విజయదశమి పొద్దున. అప్పుడైతే ఏ ముసలాయనైనా కాదనడు, కొత్త పని ఆ రోజే మొదలుపెట్టాలి.

పెరంబూరు_పద్మ
అవును కదా. నా కుట్టుమిషనుకి ఏటా బొట్టు పెట్టి ఆ సాయంత్రమే జాకెట్టు కుట్టేస్తున్నా, పాపం అంతా అందులోనే ఉంది.

హిస్టరీ_మాస్టారు
మన్నించాలి, అందరూ తిరునాళ్ళ గురించి మాట్లాడుతున్నారు. బొమ్మలు, గుగ్గిళ్ళు, మగ్గం. స్థానిక చరిత్ర మ్యూజియం అన్నప్పుడు ఆ స్థలం చరిత్ర ఎక్కడ? పోయినేడాది పండితుడు విఫలమైతే అది ఆయన తప్పు, చరిత్ర తప్పు కాదు.

తిరుత్తణి అంటే సామాన్యమైన చోటా? సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది అక్కడ. కంపెనీ కాలపు సర్వేయరు కల్నల్ మెకంజీ ఊరూరి కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్ర వ్రాతలు, సేకరింపజేశాడు, ఆయనకి కుడిభుజంగా పనిచేసినవాళ్ళు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, మన తెలుగు అన్నదమ్ములే. ఆ వ్రాతల్లో చాలా భాగం ఇక్కడే చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ కైఫీయత్తు ఏదైనా దొరుకుతుందేమో చూడండి, ఆ ఊరి మనిషి చేతే చదివించండి.

అన్నిటికన్నా ముఖ్యం, 1960 ఏప్రిల్ 1. తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చిన రోజు. సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకి వెళ్ళాయి. సరిహద్దు తగువుకి మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సూచనల మీద 1959లో చట్టం చేశారు. మీ ఊరికి అంతకన్నా పెద్ద సంఘటన ఏముంది?

బెజవాడ_బుల్లోడు
అసలు ఆ ఊళ్ళు ఇవ్వకుండా ఉండాల్సింది, ఇప్పుడు

వేదిక_కాపలా
బుల్లోడుగారూ, ఎల్లల గొడవకి వేరే చర్చ ఉంది, 340 సమాధానాలతో తాళం వేసి ఉంది. ఇక్కడ మ్యూజియం.

తిరుత్తణి_తాయారు
మా నాయనమ్మ అనేది, "రాత్రి ఆంధ్రాలో పడుకుని పొద్దున మద్రాసులో లేచాం, పొయ్యి మాత్రం అక్కడే ఉంది" అని. ఆవిడకి ఆ రోజు బాగా గుర్తున్నది ఏంటంటే పాలవాడు ఎప్పుడూ వచ్చే టైముకే వచ్చాడట. ఏదో మారిపోతుందని అందరూ బయటికొచ్చి నిలబడితే పాలవాడు వచ్చి చెంబు అడిగాడట.

మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టెలో పాత కార్డులూ కవర్లూ ఉన్నాయి. పోస్టు వచ్చిన ఇల్లు ఒకటే, గుమ్మం ఒకటే, చిరునామా మారుతూ వస్తుంది. మొదట చిత్తూరు జిల్లా, మద్రాసు రాష్ట్రం. 1953 తర్వాత చిత్తూరు జిల్లా, ఆంధ్ర. 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్. 1960 తర్వాత చెంగల్పట్టు జిల్లా, మద్రాసు రాష్ట్రం. 1969 నుంచి తమిళనాడు. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. మా పెదనాన్న ఒకాయన కడపలో ఉండేవాడు, ఆయన 1965లో కూడా చిత్తూరు జిల్లా అనే రాసేవాడు, పోస్టాఫీసు వాళ్ళు ఎర్రసిరాతో కొట్టేసి పంపేవారు. కోపమో మతిమరుపో తెలీదు.

కొసస్థలి_కుర్రాడు
తాయారుగారూ, ఆ కార్డులు చూపించడానికి ఇస్తారా??? రసీదు రాస్తాను, రెండు కాపీలు!

మాంబళం_మూర్తి
ఇదీ ప్రదర్శన అంటే. ఒక ఇల్లు, ఆరు చిరునామాలు. గోడకి వరసగా పెట్టండి, ఇంకేం రాయక్కర్లేదు. ఊళ్ళో మిగతా ఇళ్ళవాళ్ళు చూసి మా ఇంట్లోనూ ఉన్నాయంటారు.

హిస్టరీ_మాస్టారు
చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు కార్డు దొరికితే ఉత్తర ఆర్కాడు అని ఉంటుంది. అలాగే 1950 జనవరి 26కి ముందు మద్రాసు రాష్ట్రం కాదు. కాబట్టి ఆరు కాదు.

ఇడ్లీకారం
1911 ఏప్రిల్ 1, 1960 ఏప్రిల్ 1. మీ జిల్లాని ఎవరో కావాలనే ఆటపట్టిస్తున్నారు

ఎగ్మూరు_ఎలుక
ఇంకోటి కలుపుకో. అణాలు పోయి నయాపైసలు వచ్చింది కూడా 1957 ఏప్రిల్ 1నే. ఆ కొలపాత్రలూ అణాలూ కలిపి పిల్లలకి ఒక కొట్టు పెట్టండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. బియ్యం వద్దు, కింద పడితే పెద్దవాళ్ళు బాధపడతారు, ఉమకో ఇసకో పెట్టండి. రూపాయికి 16 అణాలు, 192 దమ్మిడీలు, చిల్లర లెక్కపెట్టి ఇవ్వమనండి. ఎనిమిదో క్లాసు పిల్లలకే చెమటలు పడతాయి. అసలు పాత్రలతో ఆడించొద్దు, సత్తువి రెండు వరసలు కొని అవి ఇవ్వండి. అసలువి అద్దంలో.

కార్డులకి: ఎండ తగిలే గోడ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. అసలు కార్డు కవరులో పెట్టి పెట్టెలో ఉంచి గోడకి కలర్ జిరాక్సు పెట్టండి. ఐప్పసి తేమకి కాగితం ఉబ్బుతుంది, వెండిపురుగు తయారవుతుంది.

పాతరాయి
ఎవరూ బయటికి తీసుకెళ్ళే ఆలోచనే చెయ్యట్లేదే? భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న పల్లావరంలో రాతిగొడ్డలి పట్టుకున్నాడు, ఆ సెప్టెంబరులోనే అత్తిరంపాక్కం వెళ్ళాడు. అంటే అక్కడ పని మొదలైంది సరిగ్గా ఈ రోజుల్లోనే. ఆ చోటు 15 లక్షల ఏళ్ళ నాటిదని 2011లో తేల్చారు. దగ్గర్లోనే పూండిలో పురావస్తు శాఖ వాళ్ళ చిన్న మ్యూజియం ఉంది. ఒక బస్సు మాట్లాడి ఊరి పిల్లల్ని తీసుకెళ్ళండి. పూండి చెరువులోకి వచ్చేది తెలుగు గంగ కాలవలో కృష్ణ నీళ్ళు, అదీ చూపించండి. 15 లక్షల ఏళ్ళూ కృష్ణా నదీ ఒక్క పూటలో అయిపోతాయి.

వానొచ్చేవాడు
ఎప్పుడు తీసుకెళ్తారు? ఈశాన్య ఋతుపవనాలు అక్టోబరు 20 అటూ ఇటూగా దిగుతాయి, నవంబరు మనకి అన్నిటికన్నా తడి నెల. బయట తిరిగే పని ఏదున్నా దసరా సెలవుల్లోపే కానివ్వండి. ఆ తర్వాత పెట్టేవన్నీ కప్పు కింద. పేరేమో శరత్కాలం, వెన్నెల, తెల్లమబ్బులు, అంతా పద్యాల్లో. మనకి ఐప్పసి అంటే గొడుగు, చెప్పులు చేతిలో.

పాతరాయి
సరే, సెప్టెంబరు ఆఖరు. క్వార్టర్లీ పరీక్షలు అయిన మర్నాడు.

పెరంబూరు_పద్మ
అట్లతద్ది గురించి ఎవరూ అనరేం? ఆశ్వయుజ బహుళ తదియ, పున్నమి వెళ్ళిన మూడో రోజు. పాతిల్లంటే దూలాలుంటాయి కదా, ఉయ్యాల వెయ్యండి, గోరింటాకు రుబ్బండి, చంద్రుణ్ణి చూశాక అట్లు. మా పెరంబూరు అపార్టుమెంట్లో ఉయ్యాల వెయ్యడానికి చోటు లేక పార్కులో పిల్లల జారుడుబండ పక్కన ఉన్న దాంట్లో నలుగురం ఆంటీలం ఊగితే వాచ్‌మన్ విజిల్ ఊదాడు.

కొసస్థలి_కుర్రాడు
అక్కా, ఆ దూలం నూట పాతికేళ్ళది, ఒక కొస చెద తినేసింది. ఉయ్యాల ఊగితే ఇల్లు కూడా మ్యూజియంలోకి వచ్చేస్తుంది.

వానొచ్చేవాడు
పైగా ఆ రోజుల్లో చంద్రుడు మబ్బులోంచి బయటికొచ్చేదాకా ఆగితే ఆడవాళ్ళంతా మర్నాడు కూడా ఉపవాసమే

ఆర్కాటు_ఆనందం
నేనొక మాట అంటే అందరూ తిట్టుకుంటారు. ఎవడొస్తాడు సామీ ఇవన్నీ చూడ్డానికి? మా ఊళ్ళో కూడా ఒకాయన ఇలాగే మొదలుపెట్టాడు. ప్రారంభానికి పెద్దమనుషులొచ్చారు, రిబ్బను కట్ చేశారు, శాలువాలు కప్పుకున్నారు, ఫోటోలు దిగారు. తర్వాత ఆరేళ్ళలో ఆ శాలువాల లెక్కే సందర్శకుల లెక్కని మించిపోయింది. ఇప్పుడక్కడ ఎరువుల గోడౌను. ఆయన కొడుకు ఎక్కడో అమెరికాలో. ఆ వస్తువులన్నీ ఏమయ్యాయో అడిగితే చెప్పేవాడు లేడు. పద్మగారూ మూర్తిగారూ మీరు ఇక్కడ రాసినంత సులువు కాదు, ప్రతి ఆదివారం తలుపు తీసి కూర్చోడానికి ఒక మనిషి ఉండాలి. కార్యక్రమం చెయ్యడం గొప్ప కాదు, ఆ తర్వాత వచ్చే ఆదివారం తెరవడం గొప్ప.

ఎగ్మూరు_ఎలుక
ఆనందంగారు చేదుగా అన్నా నిజం అన్నారు. కుర్రాడూ, మామయ్య తప్ప ఇంకెవరి దగ్గరైనా రెండో తాళంచెవి ఉందా?

కొసస్థలి_కుర్రాడు
లేదు. ఆయనకి జ్వరమొస్తే మ్యూజియానికీ జ్వరమే.

తిరుత్తణి_తాయారు
మా చెల్లెలి కూతురు బీఏ హిస్టరీ, అక్కడే ఉంటుంది. అడుగుతా. ఆదివారాలు కాదనదు కానీ వైఫై ఉందా అని అడుగుతుంది.

రైలుపిచ్చి
చెన్నై నుంచి వెళ్ళేవాళ్ళకి: సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ నుంచి తిరుత్తణి లోకల్ ఉంది, అరక్కోణం మీదుగా. మీరు కూర్చునే ఆ దారిలో కొంతభాగం దక్షిణాదిలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు వెళ్ళిన దారి. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకి. కాబట్టి మ్యూజియం రైలెక్కగానే మొదలు. ఈ ముక్క ఎక్కడైనా అట్ట మీద రాయండి, నా పేరు అక్కర్లేదు.

కొసస్థలి_కుర్రాడు
మామయ్యతో మూడు గంటలు కూర్చున్నాను. తేలింది ఇదీ. క్వార్టర్లీ అయిన మర్నాడు పూండికి ఒక బస్సు. కొలువు ఆఖరి నాలుగు రోజులే, అట్టలతో సహా, తాళపత్రాలు లోపలి గదిలోకి. విజయదశమి పొద్దున మగ్గం. పిల్లల కొట్టు ప్రతి ఆదివారం. కార్డులు కార్తీకంలో, వాన పడినా గోడ మీదే కాబట్టి. మైకు లేదు, శాలువా లేదు. ఉయ్యాలకి ససేమిరా అన్నాడు. పద్మక్కా, అత్తయ్య మాత్రం గోరింటాకు రుబ్బుతానంది.

గుంటమగ్గంగారూ, బిగించే మనిషి కావాలి.

గుంటమగ్గం
మా చిన్నాన్న వస్తాడు. డబ్బు అడగడు, బస్సు ఛార్జీ, రెండు పూటలా భోజనం, ఆపైన కాఫీ. కాఫీకి లెక్క ఉండదు. గుంట అరుగు పక్కన తవ్వకండి, అక్కడ చూరు నీళ్ళు పడతాయి.

కొసస్థలి_కుర్రాడు
విజయదశమి అయింది. పుస్తకంలో సంతకాలు 63. పొట్లాలు కట్టింది 110, మిగల్లేదు, అంటే సంతకం పెట్టనివాళ్ళు శనగలు రెండుసార్లు తిన్నారు.

గుంటమగ్గంగారి చిన్నాన్న పొద్దున ఏడుకల్లా కూర్చున్నాడు. ఎనిమిదింటికి మా ఊరి ముసలాయన ఒకాయన, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు, వాకిట్లో నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చి "లే" అన్నాడు. చిన్నాన్న లేచాడు. ఆయన గుంటలోకి కాళ్ళు దించి తొక్కుడుచెక్క ఒకసారి తొక్కి చూసి, మొహం అదోలా పెట్టి, ఒక తాడు విప్పి మళ్ళీ కట్టాడు. అప్పుడు నేశాడు. పన్నెండేళ్ళయిందట మగ్గం మీద కూర్చుని. పిల్లలు పోగు అతకబోతే చేతుల మీద కొట్టాడు, మా మామయ్య హెడ్మాస్టరై ఉండి ఏమీ అనలేకపోయాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు. జానెడు గుడ్డ తయారైంది, అది కూడా ఇప్పుడు మ్యూజియంలోనే ఉంది, అట్ట రాయాలి.

పూండి బస్సులో 38 మంది వచ్చారు, ఇద్దరికి వాంతులు. కొట్లో ఒక నాలుగో క్లాసు పిల్ల చిల్లర ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. వాళ్ళమ్మకి కిరాణా కొట్టు ఉందని తర్వాత తెలిసింది.

గుంటమగ్గం
తాడు విప్పి కట్టాడంటే మా చిన్నాన్న బిగించింది తప్పని. ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదు చూడు

ఆర్కాటు_ఆనందం
సరే. వచ్చే ఆదివారం తెరిచారా?

కొసస్థలి_కుర్రాడు
తెరిచాం. తాయారుగారి చెల్లెలి కూతురు తెరిచింది. నలుగురొచ్చారు. వైఫై పెట్టించాం.

ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, మొన్నటి వానకి గుంటలో నీళ్ళూరాయి. అరుగు పక్కన కాకుండానే తవ్వాం, అయినా వచ్చాయి. చెంబుతో తోడుతున్నాం.

రెండు, కొలువుకి ఒక అవ్వ మరపాచి బొమ్మ ఇచ్చింది, మగది ఒకటే. రసీదు నంబరు 23. ఆడబొమ్మ ఏదమ్మా అంటే వాళ్ళ చెల్లెలి దగ్గర నగరిలో ఉందట, తల్లి పోయినప్పుడు చెరొకటి పంచుకున్నారు. ఎవరో ఫోటో పంపినట్టున్నారు, ఆ చెల్లెలు ఫోన్ చేసింది. నాదీ పెడతాను, కానీ అట్ట మీద నా పేరు పైన ఉండాలి, బొమ్మలు అమ్మ నాకే ఇస్తానంది అని. అవ్వేమో అలాగైతే నాది నాకిచ్చెయ్ అంటోంది.

బెజవాడ_బుల్లోడు
కాపలాగారూ, ఎల్లల గొడవ మళ్ళీ మొదలైంది, ఈసారి నేను కాదు

ఎగ్మూరు_ఎలుక
రెండు అట్టలు, రెండు రసీదులు. బొమ్మలు పక్కపక్కనే పెట్టు, పేర్లు ఎత్తులో సమానంగా ఉండాలి, స్కేలు పెట్టి కొలువు. నగరిది తెచ్చేటప్పుడు గుడ్డలో చుట్టి తీసుకురా, బస్సులో పై అరలో పెట్టకు.